చిన్న మంట చాలు

దొరవారిసత్రం,
20-1-1961

తమ్ముడు మస్తానయ్యకు అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా.

మాటు వేసే బ్లోలాంపులు మద్రాసులో రెండు రకాలున్నాయని రాసినావు. చిన్నదే కొను. పెద్దది మీ బావ దగ్గర ఉంది, దాని మంట మూరెడు పోతుంది. నాకు వేలెడు మంట చాలు. పిడి నా చేతికి సరిపోవాలి.

శివాలయం పూజారిగారు లింగం పైన వేలాడదీసే రాగి ధారపాత్రకు కొక్కెం ఊడిందని మీ బావకిచ్చినారు. కొక్కెం బాగా అతికినారు. తర్వాత నీళ్లు పోసి చూసి, అడుగున కారుతోందని ఆ చిల్లు కూడా మూసినారు. లింగం మీద చుక్కలు పడాల్సింది ఆ చిల్లులోంచే.

"చూడవే, ఒక్క బొట్టు కారితే ఒట్టు!" అన్నారు. అవునండీ అన్నాను.

ఆయన లేనప్పుడు ఆ మాటును మేకుతో పొడిస్తే దిగలేదు. పెద్ద మంట పెడితే కొక్కెం మళ్లీ ఊడుతుంది. శివరాత్రినాడు ఊరంతా చూస్తుండగా ధార పడకపోతే మీ బావ సిగ్గుతో ఇంక గుడి గడప తొక్కరు.

పార్సెలు నా పేరున పంపు. మీ బావ అడిగితే, అక్క నేతిగిన్నె కారుతోందట అని చెప్పు. ఇప్పటికైతే అది కారడం లేదు. పార్సెలు వచ్చేలోగా చిల్లు పెట్టి ఉంచుతాను.

మీ అక్క