శంఖం లేని వేలిముద్ర

19 నవంబరు 1968, మంగళవారం. తూర్పు గాలి, సన్న ముసురు. ఉదయం నూతికి కొత్త తాడు పేనాను.

టెక్కలి తాలూకా వజ్రపుకొత్తూరు కాపురస్తుడు, మాజీ సిపాయి బమ్మిడి కూర్మనాథం అనే నేను, వయసు ముప్పై నాలుగు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసిన వీలునామా. ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయనీ, ఉగాది దాకా ఉండడం కష్టమనీ డాక్టరు చెప్పారు. బుద్ధి మాత్రం స్థిరంగా ఉంది. అది చెడింది 1965లో. ఆ సంగతి కింద రాస్తున్నాను.

1. నా తమ్ముడు నాగభూషణం పేర గత నెల రాసి, రిజిస్ట్రీ చేయించకుండా తిరిగి తెచ్చిన వీలునామా రద్దు. అందులో నా భార్య దేముడమ్మను ‘ఇల్లు విడిచిపోయిన మనిషి’ అని రాశాను. ఆ మాట తప్పు. ఎలా తప్పో చెప్పకుండా రద్దు చేస్తే చాలదు.

పెళ్లయిన ఇరవై రెండో రోజున పటాలానికి వెళ్లిపోయాను. ఆమెకు చదువు రాదు. నా ఉత్తరాలు పట్టాభిరామయ్య మాస్టారు మా అరుగు మీద చదివేవారు. అమ్మ, ఇరుగుపొరుగు కూర్చుని వినేవారు. అంతమంది వినే ఉత్తరంలో మొగుడు పెళ్లానికి ఏం రాస్తాడు? చలి ఎక్కువ, బూట్లకు నూనె రాశాను అని రాసేవాణ్ణి. జవాబు మాస్టారే రాసేవారు. కింద ఆమె కాటుకతో బొటనవేలు అద్దేది. ఆ వేలి గీతల్లో శంఖం ఉంది. ఉత్తరంలో ఆమెది అదొక్కటే. సరిహద్దు కొండల్లో రాత్రిళ్లు దాని మీద నా వేలు పెట్టి పడుకునేవాణ్ణి.

1965లో శంఖం పోయింది. ఉత్తరం వెంట ఉత్తరం, గీత ఒక్కటీ లేని నల్లటి మచ్చే వచ్చింది. వేలు ఆమెది కాదనుకున్నాను. మనిషి వెళ్లిపోయిందనీ, ఇంట్లోవాళ్లు వేరెవరి చేతో వేయిస్తున్నారనీ తీర్మానించుకున్నాను. మరుసటేడు సెలవుకు వస్తే మనిషి ఇంట్లోనే ఉంది, కాని చేతులు పైట కింద దాచుకుంది. ఏదో దాస్తోందనుకున్నాను. నలభై రోజులూ అరుగు మీదే పడుకున్నాను. ఒక్క మాట అడగలేదు.

నిరుడు జబ్బు మనిషినని పటాలం నుంచి పంపేశాక వచ్చి, మళ్లీ అలాగే ఉన్నాను. ఆరు నెలలు చూసి నిమ్మాడలో అన్నగారింటికి వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడి, “పేరెట్టి తిట్టినా ఉండిపోదును బావా. నీ ఊరుకోడం నాను పడలేను” అంది. అప్పుడూ ఊరుకున్నాను.

గత నెల టెక్కలి రిజిస్ట్రీ ఆఫీసులో నా ముందు పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే బొడ్డమ్మ ఉంది. వేలిముద్ర పడడం లేదని గుమస్తా కసిరాడు. “జీడిసొన తినీసింది బాబూ. గింజలు కొట్టే ఆడోళ్లందరి ఏళ్లూ ఇంతే. సిపాయి పెళ్లాం దేముడమ్మ ఏళ్లు సూడు, నావే నయం” అంది. అమ్మ బతికుండగా ఆవిడ మందుల కోసం రెండేళ్లు నా భార్య అక్కడ గింజలు కొట్టిందట. సిపాయి పెళ్లాం కూలికెళ్తోందంటే నాకు పరువు తక్కువని ఆ సంగతి ఉత్తరాల్లో మాస్టారిని తనే రాయనివ్వలేదట. పొక్కిన చేతులు నాకు చూపడానికి సిగ్గుపడిందట. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుని ఉంటే తెలిసేది.

2. ఇల్లు, దొడ్డి, కొబ్బరి చెట్లు, జీడితోట అన్నీ దేముడమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె ఇక్కడ ఉన్నా, లేకున్నా, మారుమనువు చేసుకున్నా సరే.

3. ఆమె వేలిముద్ర సరిగా పడలేదని ఏ ఆఫీసులోనూ వెనక్కి పంపకూడదు. గీతలు లేని ఆ మచ్చే ఆమె ముద్ర అని నేను ఒప్పుకుంటున్నాను. ముందు ఒప్పుకోనివాణ్ణి నేనే.

4. రేకుపెట్టెలోని ఉత్తరాలు ఆమెవి. శంఖం ఉన్నవీ లేనివీ ఒకే కట్టలో కట్టాను.

5. పటాలం కంబళి బొడ్డమ్మకు. దాన్ని నా భార్యకు ఇవ్వవద్దు. అరుగు మీద ఒక్కణ్ణే కప్పుకున్నది అది.

6. టార్చిలైటు బావమరిది సన్యాసికి. చెల్లెల్ని తీసుకురమ్మని మూడుసార్లు కబురు పెట్టాను. మొదట ఎద్దుకు కాలునొప్పి అన్నాడు, తరవాత వాన అన్నాడు, మూడోసారి “దారి మర్సిపోనాను బావా” అన్నాడు. కోపం న్యాయమే. ఈ లైటుతో దారి చూసుకోమని కోరుతున్నాను.

7. ఈ వీలునామా అమలు పట్టాభిరామయ్య మాస్టారిది. మాస్టారూ, దీన్ని నేను పోయాక తీయవద్దు. రేపే నిమ్మాడ వెళ్లి ఆమెకు చదివి వినిపించండి. ఎవరు విన్నా ఫరవాలేదు. దేముడూ, తప్పు నాది. నీ చేతులు చూడాలి. నాకు ఎక్కువ రోజులు లేవు.

8. ఇంట్లో మిగిలిన పని: కొత్త తాడు నూతికి ఇంకా కట్టలేదు. పాతది అరచెయ్యి కోస్తుంది. ఆమె వచ్చి నీళ్లు తోడితే ఆ చేతులకు... రాత ఇక్కడ ఆపి, ముందు తాడు కట్టి వస్తాను.

వజ్రపుకొత్తూరు, 19-11-1968
(సం.) బమ్మిడి కూర్మనాథం

సాక్షులు:
ఆనందరావు, కాంపౌండరు, టెక్కలి
బమ్మిడి నాగభూషణం, తమ్ముడు. చదువుకుని, ఒప్పుకుని సంతకం చేశాను.