అమెరికా కథలో తరుగు

రాయగడ,
4-8-1997

గౌరవనీయులైన ఇందుమతి మేడమ్ గారికి,

రాయగడ చింతపండు హోల్‌సేల్ వ్యాపారి, తెలుగు పఠన మందిరం కార్యదర్శి సన్యాసయ్య నమస్కరించి రాయునది. మేమంతా క్షేమం. మీరూ, కోరాపుట్ కాలేజీలో మీ దగ్గర ఇంగ్లీషు చదువుకునే పిల్లలూ క్షేమమని తలుస్తాను.

మీరు తెలుగు చేసిన అమెరికా కథ, బస్సులో పంపిన కవరు, అందింది. వచ్చే నెల మా మందిరంలో మీరు అది రాసిన హారియెట్ క్విల్బీ అమ్మగారి గురించి మాట్లాడేముందు సభ్యులకు ఒక్క కథైనా తెలియాలని నిన్న సాయంత్రం నేనే పైకి చదివాను. కథ బ్రహ్మాండం. మంచు కురుస్తుంటుంది. మార్తా ఒక్కతే ఇంట్లో ఉంటుంది. మొగుడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. చెల్లెలితో మాటల్లేవు. పక్కింటాయన దీపం పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. పొయ్యి మీద సూపు ఉడుకుతోంది. ఎవరో తలుపు తట్టారు. మార్తా చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి నడిచింది. అంతే, ఆఖరి పేజీ లేదు!

మా కోశాధికారి మన్మథరావు కవరు తిరగేసి దులిపాడు. "ఏటండి ఇది? సరుకు దారిలో తరిగిపోనాది" అన్నాడు. ఆ తరుగు పేజీ వెంటనే పంపగలరు. సభ బాగా జరిగితే మీ అనువాదాలన్నీ మందిరమే పుస్తకంగా వేస్తుందన్న మాట మీద కమిటీ నిలబడే ఉంది.

ఇట్లు భవదీయుడు,
సన్యాసయ్య

తా.క. బస్సు కండక్టర్ని గట్టిగా అడిగాం. తనకు చదివే అలవాటే లేదని ఒట్టు పెట్టుకున్నాడు.


కోరాపుట్,
8-8-1997

సన్యాసయ్య గారికి,

ఇందుమతి వందనాలు. పేజీ ఏదీ పోలేదు. కథ అక్కడితో అయిపోయింది. క్విల్బీ కథలన్నీ అలాగే ఉంటాయి. ఆవిడ గొప్పతనమే అది.

సభ్యులకు చెప్పడానికి ఆవిడ జీవితం నాలుగు ముక్కల్లో రాస్తున్నాను. చిన్న రైల్వే ఊళ్ళో పుట్టింది. తండ్రిది ధాన్యం కొట్టు. పెళ్ళి చేసుకోలేదు. స్టేషన్లో పార్సిల్ గుమస్తాగా పనిచేస్తూ కథలు రాసింది. 1951లో కన్నుమూసింది. బతికుండగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు యూనివర్సిటీల్లో ఆవిడ కథల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. మిగతాది సభలో చెబుతాను.

ఇట్లు,
ఇందుమతి

తా.క. ఆ కండక్టర్ని ఇక వదిలేయండి. నేను వారం వారం అదే బస్సు ఎక్కాలి.


రాయగడ,
13-8-1997

గౌరవనీయులైన ఇందుమతి మేడమ్ గారికి,

సన్యాసయ్య నమస్కారాలు. ఉత్తరం చదివి అందరం చాలా బాధపడ్డాం. పాపం, మార్తా తలుపు దాకా వెళ్ళేసరికే క్విల్బీ అమ్మగారికి నూరేళ్ళూ నిండిపోయాయన్నమాట! కథ మధ్యలో ప్రాణం పోవడం ఎంత ఘోరం! మందిరంలో అందరం లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ధాన్యం కొట్టువారి అమ్మాయి అని తెలిశాక కమిటీలో కొందరికి కళ్ళు చెమర్చాయి. ఎంతైనా మన వ్యాపారస్తుల బిడ్డ.

ఆవిడ ఆత్మ శాంతించాలంటే కథ పూర్తి చెయ్యాలని మన్మథరావు పూనుకున్నాడు. అతని లెక్కన వచ్చింది మొగుడే. గాజులు, రెండు చీరలు, ఒక ప్రెషర్ కుక్కరు తెచ్చాడు. మార్తా క్షమించేసింది. చదివి నేనే కంటనీరు పెట్టుకున్నాను. కానీ అతని భార్య సూర్యకాంతమ్మ ఒప్పుకోవడం లేదు. "ఇన్నేళ్ళకొచ్చిన మొగుడికి తలుపెవులు తీస్తారు? వచ్చింది సెల్లెలే" అంటోంది. బజారు రెండుగా చీలిపోయింది. సరుకు కోసం బిస్సమ్ కటక్ సంతకు వెళితే అక్కడి ఒడియా వ్యాపారులు కూడా "కిఏ ఆసిలా?" అని అడుగుతున్నారు. ఎవరొచ్చారని నేనేం చెప్పను?

మన్మథరావు ముగింపు జతచేశాను. పుస్తకంలో కలపగలరు.

ఇట్లు,
సన్యాసయ్య

తా.క. నా భార్య రాజ్యం కథ విన్నప్పటినుంచి ఏదో ఆలోచనలో పడింది. నిన్న చారులో ఉప్పు లేదు, ఇవాళ అన్నంలో ఉంది.


కోరాపుట్,
18-8-1997

సన్యాసయ్య గారికి,

వందనాలు. మీ ఉత్తరం చదివి క్లాసుకు వెళ్ళి పిల్లల్ని ఊరికే తిట్టాను.

క్విల్బీ కథ మధ్యలో చనిపోలేదండీ! ఈ కథ రాశాక ఇరవై ఏడేళ్ళు నిక్షేపంలా బతికింది. ముగింపు రాసిస్తే అచ్చేస్తామని పత్రికలవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా రాయనంది. మళ్ళీ వెళ్ళి పార్సిళ్ళ మీద చీటీలు అంటించుకుంది. ఆవిడ మొండితనం చూసే నేను ఆవిడ వెనకాల పడ్డాను.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. పదేళ్ళు కూర్చుని ఆవిడ కథలు తెలుగు చేశాను. ఎక్కడికి పంపినా ఒకటే జవాబు. "ముగింపు కలిపి పంపండి, వేస్తాం." చివరికి మీ మందిరం ఒక్కటే వేస్తానంది. మీరూ కాదంటే ఆ కట్ట నా బీరువాలోనే ఉండిపోతుంది. ఆ ఆలోచనకే నాకు ఏడుపొస్తోంది. అయినా సరే, మన్మథరావు గారి మొగుణ్ణి నా పుస్తకంలోకి రానివ్వను. అతను వస్తే నేను రాను.

ఇట్లు,
ఇందుమతి

తా.క. ఈ కథ 1924 నాటిది. ఆ పల్లెటూరి మంచులోకి ప్రెషర్ కుక్కరు ఎలా వచ్చిందో మన్మథరావు గారిని అడగండి.


రాయగడ,
25-8-1997

గౌరవనీయులైన ఇందుమతి మేడమ్ గారికి,

సన్యాసయ్య నమస్కారాలు. తల్లీ, మీ ఉత్తరం కమిటీలో చదవలేక చదవలేక చదివాను. ఏడుపొస్తోందన్న చోట అందరూ తలలు దించుకున్నారు. మన్మథరావు ఒక్కడే "కుక్కరు తీసీసి ఇత్తడి గిన్నె పెట్టీమంటే పెట్టీస్తాను" అన్నాడు.

రెండు గంటలు అరుచుకున్నాక పెద్దలు ఒక దారి చూపించారు. మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. మునిగుడ నుంచి బస్తా బయల్దేరి ఇక్కడ కాటా మీద తక్కువ తూగితే పోట్లాడుకోం. తరుగులో సగం పంపినవాడు భరిస్తాడు, సగం అందుకున్నవాడు భరిస్తాడు. కథకీ అదే తీర్పు. క్విల్బీ అమ్మగారు పంపిన సరుకులో తరుగు ఉంది. మా సగం మేం భరిస్తాం. ముగింపు లేకుండానే పుస్తకం వేస్తాం. కథ వెనక ఒక ఖాళీ పేజీ వదులుతాం. కొన్నవాడు ఎవర్ని కావాలంటే వాళ్ళని ఇంట్లోకి రానిచ్చుకుంటాడు.

మీ సగం మీరు భరించాలి. పేరు చెప్పక్కర్లేదు. తట్టింది మగమనిషా ఆడమనిషా, అంతవరకు సభలో చెప్పండి చాలు.

ఇట్లు,
సన్యాసయ్య

తా.క. సభ రోజు భోజనం మా ఇంట్లోనే. రాజ్యం మీతో ఒంటరిగా ఒక మాట మాట్లాడాలంటోంది. ఏమిటని అడిగితే "మీకెందుకు" అంటోంది.


కోరాపుట్,
30-8-1997

సన్యాసయ్య గారికి,

వందనాలు. ఖాళీ పేజీకి ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడమేమిటి, చదవగానే లేచి స్టాఫ్ రూమంతా తిరిగి అందరికీ చెప్పాను. క్విల్బీ ఉంటే మీ తరుగు పద్ధతికి చాలా సంతోషించేది.

మగో ఆడో మాత్రం చెప్పను. నాకూ తెలియదు. కథలో లేనిది నేనెలా చెప్పను? సభకు ఏడో తేదీ ఆదివారం ఉదయం బస్సుకి వస్తున్నాను.

ఇట్లు,
ఇందుమతి

తా.క. స్టేజీ మీద నా వెనకాల తలుపు బొమ్మ ఏదీ కట్టకండి. మీరు కడతారని నాకు అనుమానంగా ఉంది.


రాయగడ,
15-9-1997

గౌరవనీయులైన ఇందుమతి మేడమ్ గారికి,

సన్యాసయ్య నమస్కారాలు. సభ దిగ్విజయం. బిస్సమ్ కటక్ నుంచి కూడా జనం జీపులో వచ్చారు. తలుపు బొమ్మ విప్పించినందుకు పెయింటరు ఒక్కడే అలిగాడు. గంటసేపు మీరు ఆవిడ జీవితం, కథలు, ఆవిడ పోయాక వచ్చిన పేరు, అన్నీ చెప్పారు. ఆ ఒక్కటి తప్ప! పుస్తకం ప్రెస్సుకు ఇచ్చేశాం. ఖాళీ పేజీ ఎందుకని ప్రెస్సువాడు గొడవ పెడితే మన్మథరావే తగువులాడి ఒప్పించాడు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

నిశ్చింత లేనిది నాకు. ఇంతమందికి చెప్పని సంగతి మా వంటింట్లో రాజ్యానికి చెప్పేశారేమిటండీ! మీరు బస్సెక్కినప్పటినుంచి ఆవిడ తనలో తాను నవ్వుకుంటోంది. "ఎవరే?" అంటే "నాకు తెలుసు గానీ సెప్పను" అంటోంది. సూర్యకాంతమ్మ రోజూ ఏదో ఒక కూర గిన్నెతో తెచ్చి కూర్చుంటోంది. మన్మథరావు నాతో మాట్లాడటం మానేశాడు, నాకూ తెలుసని అతని అనుమానం. కట్టుకున్న మొగుణ్ణి నేను, ఇంత కథ నడిపింది నేను, నాకు చెప్పదా? బతిమాలాను. కోప్పడ్డాను. అన్నం మానేశాను. నాకు పెట్టాల్సిన అన్నం కుక్కకు పెట్టేసింది.

జవాబు కార్డు జతచేశాను. ఒక్క పేరు రాసి పోస్టులో వేయండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
సన్యాసయ్య

తా.క. కార్డు ఇంటికి కాదు, కొట్టు అడ్రసుకు వేయండి.


కోరాపుట్,
20-9-1997

సన్యాసయ్య గారికి,

వందనాలు. రాజ్యం అక్కకు నేనేమీ చెప్పలేదు. ఆవిడే నాకు చెప్పింది.

వంటింట్లో నన్ను పీట మీద కూర్చోబెట్టి, "అమ్మా, మార్తా తలుపు కాడికి ఎల్లేముందు పొయ్యి మీద సూపు దించిందా, నేదా?" అని అడిగింది. సంచిలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసి చూశాను. దించలేదు. "అయితే ఎవులొచ్చేరో నాకు తెలుసు. పొయ్యి మీద గిన్నె ఒగ్గీసి ఎవులికి తలుపు తీస్తామో వంట సేసినోళ్ళకి తెలీదేటి?" అని నా చెవిలో ఒక పేరు చెప్పింది. పదేళ్ళు ఆ కథను మోశాను. సూపు వైపు ఒక్కసారైనా చూడలేదు. బస్సులో కోరాపుట్ దాకా నాకు నవ్వూ, ఒళ్ళుమంటా రెండూ ఆగలేదు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకుంది, అందుకని నేనూ చెప్పలేను.

ఇట్లు,
ఇందుమతి

తా.క. సూపు సంగతి రాసేశాను కాబట్టి నా సగం తరుగు భరించినట్టే. మీ సగం మీ ఇంట్లోనే ఉంది. ముందు వెళ్ళి అన్నం తినండి.