సముద్రం పక్కన ఇల్లు

ఏమండీ,

మీరు చేపల వేటకెళ్ళి తుఫానులో తిరిగిరాక ఇవాళ్టికి ఏడాది. కాట్రేనికోన దాటి ఈ సముద్రపు ఊరిని ఏరికోరి ఎంచుకున్నది మీరే. బడి దగ్గర, చుట్టూ మనవాళ్ళు, పిల్ల ఇసుకలో హాయిగా ఆడుకుంటుందన్నారు. ఇప్పుడు గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, మన లక్ష్మి మంచం కిందికి దూరిపోతోంది.

పొద్దున ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా వచ్చారు. సముద్రానికి దూరంగా కట్టిన కాలనీలో ఇల్లు కావాలంటే ఇవాళే సంతకం పెట్టాలట.

"అమ్మా, వెళ్ళిపోదామే," అని లక్ష్మి నా కొంగు పట్టుకుంది.

అత్తయ్యగారు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. "నేను రానండి. మా అబ్బాయొస్తే ఎక్కడని ఎతుక్కుంటాడండీ?" అన్నారు.

ఆవిడను వదిలి వెళ్ళలేను, పిల్లను ఇక్కడ ఉంచలేను. కలం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గుమాస్తాగారు గొడుగు తీసుకుని లేచేసరికి సంతకం పెట్టేశాను. ఇంటి నెంబరు చీటీ చేతిలో పెట్టారు.

అత్తయ్యగారు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం మీ పడవకి పూయగా మిగిలిన తారు డబ్బా తెచ్చి లక్ష్మి ముందు పెట్టారు.

"కొత్తింటి నెంబరు ఈ ఇంటి గోడ మీద పెద్దగా రాయవే. మీ నాన్నకి దూరం నించే కనపడాలి."

లక్ష్మి నా వైపు చూసింది. రాయమన్నాను.