ఒట్టి చేతులతో వచ్చినవాడు

భద్రాచలం

అక్కకు,

తమ్ముడు శివ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వూ బాగుండాలి అని మొదలుపెట్టమని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కాబట్టి ఆ మాట రాశాను. అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో ఆపి ఏడవకు. కోపం వస్తే మాత్రం తిట్టు, నీ తిట్లు నాకు అలవాటే.

మీ కొండమీది బడికి ఫోన్ సిగ్నల్ ఇప్పట్లో వచ్చేలా లేదు. అందుకే ఎప్పటిలాగే మీ బడికి బియ్యం తెచ్చే భీమ్లా జీపులో ఈ ఉత్తరం పంపుతున్నాను. సిగ్నల్ ఉన్నా ఇది ఫోన్లో చెప్పగలిగే సంగతి కాదు.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. టీచరువయ్యాక నీ పలకరింపు కూడా పరీక్ష పేపరులాగే ఉంటోంది. హాస్టల్లో అన్నం ఎలా ఉందన్నావు. అన్నం బాగానే ఉంటుంది, పప్పులో పప్పును వెతుక్కోవాలి. నల్ల కుక్క ఈనిందా అన్నావు. ఈనింది, పిల్లలన్నీ బతికాయి. మామకు నువ్వు పంపిన తోలు చెప్పులు సరిపోయాయా అన్నావు, అది చివర్లో చెబుతాను. మామ కుడికాల్లో వెదురు మోడు దిగిందని భీమ్లా చెప్పాడట, ఎలా ఉందన్నావు. అదీ చెబుతాను. ముందు నాకు ఒళ్ళు మండించిన ప్రశ్న ఒకటుంది చూడు, "డిగ్రీ అయిపోవచ్చింది, ఏమవుదామనుకుంటున్నావురా?" అని, దానితో మొదలుపెడతాను.

నాకు తెలియదక్కా. దాచడం కాదు, నిజంగానే తెలియదు. సీటు వచ్చింది కాబట్టి బీఎస్సీలో చేరాను. చదవమన్నది చదివాను, పాసయ్యాను. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా ఇది నాది అనిపించలేదు. బస్సెక్కి కూర్చున్నాను, ఎక్కడ దిగాలో తెలియదు, కండక్టరు వచ్చి టికెట్ ఎక్కడికని అడిగిన ప్రతిసారీ వాడిని కొట్టాలనిపిస్తుంది. నువ్వూ ఆ కండక్టరువే అయ్యావు.

నిజంగానే ఒకడిని కొట్టాను కూడా. నా గదిలో ఉండే క్రాంతికుమార్ తెలుసు కదా, ఎర్రుపాలెం వాడు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే లేచి గోదావరి గట్టున పరుగెత్తుతాడు. మంచివాడు, అదే వాడితో వచ్చిన చిక్కు. ఒకరోజు ఫోన్లో ఏదో అప్లికేషన్ నింపుకుంటూ, "నీది కూడా నింపేస్తా, నీకేం కావాల్నో చెప్పరా" అన్నాడు. తెలియదన్నాను. "ఏదో ఒకటి ఉంటది కదరా, ఉత్తగనే ఎట్ల బతుకుతవ్?" అని నవ్వాడు.

ఆ నవ్వు మీదే గుద్దాను. ముక్కు ఎముక విరిగిన చప్పుడు నా పిడికిలికి తెలిసింది. వాడు కిందపడ్డాక కూడా ఆగలేదు. వాడి పుస్తకాల మీద, నా చొక్కా మీద నెత్తురు. పక్క గదుల వాళ్ళు వచ్చి లాగేదాకా కొడుతూనే ఉన్నాను. వార్డెన్ నన్ను పరీక్షలదాకా హాస్టల్లో కనిపించవద్దన్నాడు. ఇంటికి పోయి చదువుకోవడానికి సెలవులిచ్చారని మామతో చెప్పాను. అమ్మానాన్నలు పోయాక మనల్ని పెంచిన మనిషికి అలా అబద్ధం చెప్పి, ఆయన పెట్టిన అన్నం తిన్నాను.

ఊరికి వెళ్ళేసరికి భూమి పండుగ వచ్చింది. నీకు తెలియనిదేముంది, విత్తనాలు వేసే ముందు మగవాళ్ళు వేటకు వెళ్ళాలి, ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు గూడెం మొదట్లో అడ్డంగా నిలబడి పేడనీళ్ళు పోయాలి. ఇప్పుడది ఉత్తుత్తి వేటే. ఫారెస్టు వాళ్ళ కేసుల భయం ఉంది, జంతువులూ లేవు. అడవిలో ఒక చుట్టు తిరిగొచ్చి, పేడనీళ్ళు పోయించుకుని, నవ్వుకుని, కల్లు తాగి పడుకుంటారు. నువ్వు కూడా ఒక ఏడు మామ నెత్తిన బిందె బోర్లించి పరుగెత్తావు.

మొదటిరోజు మామ నన్ను జంతువులను తోలడానికి కేకలు వేసే వాళ్ళలో నిలబెట్టాడు. సాయంత్రం తిరిగొస్తే నాగక్క అత్త బకెట్ పట్టుకుని ముందు నిలబడి ఉంది. మామ మీద సగం, నా మీద సగం పోసింది. పోసి, అందరికీ వినబడేలా అరిచింది. "సూడుండ్రే, మా అల్లుడు కాలేజీల సదివొచ్చిండు! గాడికెళ్లి ఒట్టి చేతులే, గీడికెళ్లి ఒట్టి చేతులే!"

గూడెమంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ మామే నవ్వాడు, మీసాల నుంచి పేడ కారుతుంటే. నేనొక్కడినే నవ్వలేదు. బకెట్‌ను తన్నాను. అత్త చెయ్యి పట్టుకుని మెలితిప్పాను. గాజులు పగిలి ఆమె మణికట్టులో దిగబడ్డాయి. నవ్వులు ఆగిపోయాయి. మామ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"పండుగరా ఇది. పేడనీళ్లకు గంత కోపమేంది?" అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు ఎవరూ లేవకముందే మామ విల్లు, గొడ్డలి తీసుకుని ఒక్కడినే అడవిలోకి వెళ్ళాను. ఏదో ఒకటి చంపి భుజాన వేసుకుని రావాలి, అత్త ముందు పడెయ్యాలి, అంతే. అక్కా, నా జన్మలో మొదటిసారి నాకేం కావాలో నాకు స్పష్టంగా తెలిసింది. నెత్తురు కావాలి.

అడవిలో కదిలినదాని మీదకు విల్లెత్తే ముందు కూత వేయాలని, మనిషైతే బదులిస్తాడని మామ మనిద్దరికీ నడక వచ్చినప్పుడే నేర్పాడు. వాగు అవతల పొద కదిలింది. కూత వేస్తే జంతువు పారిపోతుందని నేను కూత వేయలేదు. బాణం వదిలాను. అది మాంసంలో దిగిన చప్పుడు విన్నాను. ఇది ఎవరితోనూ అనలేదు, నీకే చెబుతున్నాను. ఆ చప్పుడు వినగానే నాకు సంతోషమైంది. క్రాంతి ముక్కు విరిగినప్పుడు కూడా ఇలాగే అయింది. ఎప్పుడూ ఖాళీగా ఉండే ఒళ్ళు ఒక్కసారిగా నిండింది. పూర్తిగా చంపేద్దామని గొడ్డలి ఎత్తుకుని వాగు దాటి పరుగెత్తాను. అరుస్తూ పరుగెత్తాను. పొద మీద గొడ్డలి దింపబోతుంటే ఎర్ర తువాలు కనబడింది.

"నేనురా, శివా. నేను" అన్నాడు మామ.

గొడ్డలి నా చేతిలో పైనే ఉంది. ఆయన రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన సొరబుర్ర పగిలి జావ కారిపోతోంది. రాత్రి నేను తినలేదని జావ పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడట. మోడు కాదక్కా. మామ కాల్లో దిగింది నా బాణం.

నా అరుపులు విని గూడెం మగవాళ్ళు వచ్చి ఆయన నోట్లో తువాలు కుక్కి బాణం లాగారు. కర్ర వచ్చింది, ఇనుప మొన లోపలే విరిగిపోయింది. కత్తితో గెలికారు. మామ తువాలును కొరికి చింపేశాడు, మొన మాత్రం దొరకలేదు. వేట సంగతి బయటపడితే గూడెం మీద కేసవుతుందని పెద్దలు మోడు దిగిందని చెప్పుకుందామన్నారు. మామ అందరికన్నా ముందు తలూపాడు.

సూదులేసే ఆయన వచ్చి సూదులు వేసి పోయేవాడు. కాలు ఉబ్బింది, తర్వాత నల్లబడింది. కట్టు విప్పితే ఇంట్లో నిలబడలేని వాసన. జ్వరంలో మామ నిన్ను పిలిచేవాడు. భద్రాచలం పోదామన్నాను. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు.

"దవాఖానల ఫొటో తీస్తరు. ఇనుం కనబడ్తది. పోలీసోళ్లొస్తరు. నీ మీద కేసైతే నీ సదువేం గావాలె? కొలువెట్లొస్తది?"

"ఏ కొలువు మామా?"

"ఏదో ఒకటి. గది నాకేమెరుక? నువ్వు కుర్సీల కూసుంటవ్, నేనొచ్చి వాకిట్ల నిలబడి సూస్త. గంతే."

నాకు కనబడని కుర్చీ ఆయనకు కనబడుతోంది. లేని కుర్చీ కోసం కాలు కుళ్ళబెట్టుకుంటున్నాడు. నా చదువు మీద నాకు ఎప్పుడూ విసుగే కానీ ఆ రోజు అసహ్యం పుట్టింది. అయినా ఆగాను. మామ మాట విన్నాననుకుంటావేమో, కాదు. భయపడ్డాను. ఏ దారీ లేనివాడికి జైలంటే భయమెందుకో నాకే అర్థం కాలేదు.

చివరికి అత్త నా ముందుకొచ్చి నిలబడింది. గాజులు గుచ్చుకున్న చోట ఇంకా పక్కు కట్టి ఉంది. "నీ కుర్సీ నాకొద్దు. నా మొగడు బతకాలె. నా చెయ్యి ఇరిసినవ్ గదా, గా బలమంత ఏడ బోయింది? లేపు ఆయన్ని" అంది.

లేపాను. మామ నన్ను తోశాడు, తిట్టాడు, భుజం మీద కొరికాడు. పంటి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కొరుకుడుతోనే మోసుకుని రోడ్డుదాకా వచ్చాను. భీమ్లా ఖాళీ జీపుతో వెనక్కి వస్తున్నాడు. ఏమీ అడగకుండా ఎక్కించుకున్నాడు. బూర్గంపాడు దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కేదాకా మామ దిగుతానని పెనుగులాడుతూనే ఉన్నాడు.

డాక్టరు ఏమైందని అడిగాడు. "మోడు దిగింది సారూ" అన్నాడు మామ.

"మోడు కాదు సార్, బాణం. మొన లోపలే ఉంది. నేనే కొట్టిన" అన్నాను.

స్ట్రెచర్ మీద నుంచి లేచి మామ నా చెంప పగలగొట్టాడు. ఇన్నేళ్ళలో మన ఇద్దరిలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. నా పెదవి చిట్లింది. "నాశనం జేస్కున్నవ్ గదరా" అంటూ ఏడ్చాడు. కాలు చీల్చుతున్నా ఏడవనివాడు దానికి ఏడ్చాడు.

పోలీసు వచ్చి రాసుకున్నాడు. తన బాణం తనే కొట్టుకున్నానని మామ వాదించాడు. "సొంత కాలికి విల్లుతోని ఎట్ల కొట్టుకున్నవ్ పెద్దాయనా?" అని ఆ పోలీసు విసుక్కున్నాడు. నేను ఒక్కడినే అడవికి వెళ్ళానని చెప్పి సంతకం పెట్టాను. పిలిచినప్పుడు స్టేషన్‌కు రావాలన్నారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. గూడెం వాళ్ళు నాతో మాట్లాడటం లేదు.

ముందే తెచ్చి ఉంటే కాలు ఉండేదని డాక్టరు అన్నాడు. మోకాలి కింద తీసేశారు అక్కా. నీకు ఈ మాట ఎలా రాయాలో తెలియక ఇంత దూరం లాక్కొచ్చాను.

మత్తు దిగాక మామ కళ్ళు తెరిచాడు. దుప్పటి వైపు చూడలేదు, కాలు గురించి అడగలేదు. నన్నే చూసి, "పరీచ్చలెప్పుడురా?" అన్నాడు. సోమవారం అన్నాను. "మల్ల ఈడ గూసున్నవేంది?" అన్నాడు.

క్రాంతికుమార్ హాల్ టికెట్ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. వాడి ముక్కు మీద ఇంకా పట్టీ ఉంది. నా ముఖం చూడలేదు. పోలీసులు ఈలోపు పిలవకపోతే పరీక్షలు రాస్తాను. ఏమవుదామనుకుంటున్నావని మళ్ళీ అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కొడితే తప్ప నిండని ఒళ్ళుతో ఎలా బతకాలో తెలియదు. నీకు తెలిస్తే వచ్చి చెప్పు. జల్దీ రా.

చెప్పుల సంగతి మిగిలింది. పండుగకు తొడుక్కుంటానని మామ వాటిని చూరులో దాచాడు, పండుగ సందట్లో మరిచిపోయాడు. అత్త నిన్న ఇంటికెళ్ళి తెచ్చింది. నువ్వు అడిగావని చెబితే మామ మంచం మీద కూర్చుని తొడుక్కుని చూశాడు. ఎడమది సరిగ్గా సరిపోయిందని రాయమన్నాడు.

ఇట్లు
నీ తమ్ముడు
శివ