నాన్నతో వెళ్ళిన ఫోన్

బుధవారం, రాత్రి

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లలో నాను మొదట పెట్టిన సబ్బవరం దగ్గరి కాలేజీని ఇవాళ వెళ్ళి చూసొచ్చాను. ల్యాబ్‌కి తాళం. వాచ్‌మన్‌ని అడిగితే, "పరీక్షలప్పుడు తీత్తారమ్మా" అన్నాడు.

ఆప్షన్లు మార్చుకోడానికి రేపే ఆఖరు. మార్చాలంటే ఓటీపీ నాన్న నంబరుకే వస్తుంది. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళి మూడ్రోజులైంది, బోటు సిగ్నల్ దాటిపోయుంటుంది. సాయంత్రం నుంచి ఫోన్ చేస్తన్నాను, అందుబాటులో లేదనే వస్తంది. "ఏటే, అన్నం తినవా" అని అమ్మ రెండుసార్లు పిలిచింది. అమ్మకింకా చెప్పలేదు.

ఆదివారం బయల్దేరేటప్పుడు నాన్న గుమ్మంలో ఆగి, "ఫోన్ ఇంట్లో ఒగ్గీమంటావేటమ్మా, నీ కాలేజీ పనికి కావాలేమో" అన్నాడు.

అప్పటికి నాను ఆ కాలేజీ ఫొటోలే చూశాను. "అక్కర్లేదు నాన్నా, అంతా అయిపోయింది" అని నానే ఆయన సంచిలో పెట్టాను.