లైను పక్కన పరుగెత్తే మనిషికి

కాటన్‌పేట,
ఆదివారం.

వరూధినికి,

ఇక్కడ అమ్మా, శ్వేతా, నేనూ బాగుండాము. పరాయి దేశంలో నువ్వు వేళకి తింటా ఉండావని తలుస్తాను. ఫోన్లో చెప్పను నోరు రాలేదు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతా ఉండాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. శ్వేతకి జ్వరం తగ్గింది. జడలు నేనే వేస్తా ఉండాను, ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తాయి. టీచరు నవ్విందంట. అమ్మ మోకాలి నొప్పి అట్లనే ఉండాది. నీ దిండు శ్వేత పట్టుకుపోయింది, నాకిమ్మంటే ఇవ్వదు.

నిన్నటి మ్యాచ్ చిక్కపేట అంగట్లో కూర్చుని ఫోన్లో చూసినా. ఆసియాలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బులకి ఈ కప్పు పెట్టడం ఇదే మొదలు, అందులో మా ఇంటిది లైన్ రిఫరీ అని కనబడినోళ్ళకంతా చెప్పుకుంటిని. మూటలు మోసే సొన్నప్ప తాత నా భుజం మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, బాల్ ఆ పక్క ఉండాది, నువ్వు ఈ అంచు చూస్తావే?" అన్నాడు.

"నా పెండ్లాం ఈ పక్క ఉండాది తాతా."

నువ్వు రెండు సెకన్లు కనబడతావు, మళ్ళీ కెమెరా బాల్ ఎనకాల పోతుంది. చివర్లో గోల్ పడింది, జనమంతా లేచి ఎగిరినారు. నువ్వు జెండా ఎత్తి నిలబడితివి. గోల్ వేసిన జట్టు ఆడపిల్లలు నీ మీదికొచ్చి అరుస్తా ఉంటే ఇక్కడ నేను లేచి నిలబడితిని. నువ్వు కదల్లేదు. మళ్ళీ వేసి చూపిస్తే ఆఫ్‌సైడే, గోల్ చెల్లలేదు. తాత చప్పట్లు కొట్టినాడు. నాకు మాత్రం తలెత్తను కాలేదు.

ఎందుకంటే, వరూ, నీకొక సంగతి దాచినా. ఈ కప్పుకి రమ్మని, రిఫరీలని పంపించే మేడం మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నువ్వు స్నానానికి పోయింటివి. నేనెత్తి, "ఆమెకి వీలు కాదు మేడం, చిన్నబిడ్డ ఉండాది" అని పెట్టేసినా. ఆమె ఆ మాట నమ్మక మరుసటి దినం మళ్ళీ చేసింది. లేకుంటే నువ్వు ఆ గ్రౌండులో ఉండేదానివి కాదు. నన్ను నీకు పట్టించలేదు, పుణ్యాత్మురాలు.

బిడ్డ కోసమని చెప్పుకోవచ్చు. కాదు. నువ్వు లేని ఇల్లంటే నాకు భయమేసింది.

ఫైనల్‌కి ఉండమంటున్నారు, నా చెల్లెలి సీమంతానికి రావాలా అని అడిగితివి. రావద్దు. అమ్మకి నేనే చెప్పినా. ఆమె, "ఎన్ని గంటలకి చూపిస్తారంట?" అనింది.

దినాలు మాత్రం జరగడం లేదు. ఇది చదివి నాతో మాట్లాడ బుద్ధి కాకపోతే శ్వేతతో మాట్లాడు. పక్కన కూర్చుని నీ గొంతు వింటా ఉంటాను.

ఇట్లు,
నీ పెనిమిటి,
సోమశేఖర