కందిగింజంత ముఖం

వదినా, తప్పంతా నీదే. ఆ బొమ్మను మా అన్న చేతిలో పెట్టి పోయావు.

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఆ రోజే నాచారంలో మన కాలనీ హాలులో నువ్వు గీసిన అగ్నిప్రవేశం బొమ్మ పెడతారట. అరచేయంత కాగితం మీద, మంటల్లోంచి నడిచి వస్తున్న ఆ ఇల్లాలి ముఖం కందిగింజంత. ఉడత వెంట్రుకల కుంచె పట్టుకొని ఆ పెదవుల దగ్గరే వారం రోజులు ఆగిపోయావు. ఈ పురాణాలు నీకెందుకని నేను వాదించాను.

"నోర్మూసుకొని సూడు తమ్మీ" అన్నావు.

చూశాను. ఆమె పెదవులు బిగించి ఉంది. ఆడవాళ్ల తరఫున నేను రాసిన వ్యాసాలేవీ అంత మాట అనలేదు.

నిన్న అసోసియేషన్ ప్రెసిడెంట్ ఇంటికొచ్చాడు. "అమ్మవారి మొఖంల గంత కోపమేంది సార్? జర నవ్వు పెట్టిద్దాం. ఉప్పల్ నుంచి పెయింటర్ రేపొస్తుండు."

అన్న తలూపాడు.

"మంటల్ల నడిపిచ్చినంక నవ్వు గూడ గావాల్నా?" అని అరిచాను.

"ఎంట్రుకంత గీతే గదరా, ఏం మునుగుతది? మీ వదినె ఉన్నా ఒప్పుకునేది" అన్నాడు అన్న.

అక్కడే నాకు ఒళ్లు మండింది. నువ్వు అన్నిటికీ ఒప్పుకున్నావు. అందుకే ఆ ఒక్క ముఖాన్ని అలా గీశావు.

బొమ్మను సంచిలో పెట్టుకొని వచ్చేశాను. తిరిగివ్వాలంటే ఇవి జరగాలని అన్నకు రాసి పంపాను:

ఆ ముఖాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

బొమ్మ కింద నీ పేరే ఉండాలి, ఫలానావారి సతీమణి అని కాదు.

పెయింటర్‌ను రావద్దని అన్నే ఫోన్ చేయాలి.

ఫోన్ చేసేముందు నా దగ్గరికొచ్చి, భూతద్దం పట్టుకొని, నువ్వు గీసిన ఆ ముఖాన్ని అన్న ఒక్కసారైనా చూడాలి.